కుట్లు విప్పిన తర్వాత

*తలకు దెబ్బ తగిలిన బిడ్డను బతికించుకోవడానికి ఊరూ ఆస్పత్రీ ఒక్కటై పరుగులు పెడతాయి. ఇంటికి చేరిన మర్నాటి నుంచి ఆ బిడ్డ ఎవరి లెక్కలోనూ ఉండడు. గాయం మానిందని అందరూ అనుకునే రోజునే అసలు కష్టం మొదలవుతుంది. వరంగల్ రోడ్ల నుంచి తరగతి గదుల దాకా సాగే ఆ కష్టం గురించే ఈ వారం ముఖచిత్ర కథనం.*

ఉదయం ఎనిమిదిన్నరకు హనుమకొండ నయీంనగర్ రోడ్డు పక్కన నిలబడితే ఐదు నిమిషాల్లో సంగతి తెలిసిపోతుంది. స్కూటర్ నడుపుతున్న తండ్రి నెత్తిన హెల్మెట్ ఉంటుంది. ఆయన మోకాళ్ల ముందు, కాళ్లు పెట్టుకునే చోట, యూకేజీ చదివే పిల్ల రెండు అద్దాల కాడలూ పట్టుకుని నిలబడి ఉంటుంది. వెనక మూడో తరగతి కొడుకు. వీపున బడి సంచి వెనక్కి గుంజుతుంటే నాన్న చొక్కాను గుప్పిట బిగించి కూర్చుంటాడు. మూడు తలలు, ఒక్క హెల్మెట్. అడిగితే, "బడి ఈన్నే గదా సార్, రెండు నిమిషాల తొవ్వ" అంటారు.

ఆ రెండు నిమిషాల తొవ్వలో కుక్క అడ్డం వచ్చిందనుకోండి. తండ్రి గట్టిగా బ్రేకు వేస్తాడు. ముందు నిలబడ్డ పిల్ల తల నేరుగా హ్యాండిల్‌కు తగులుతుంది. వెనకున్న వాడు గాల్లోకి లేస్తాడు. గంటకు 40 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 11 మీటర్లు. ఆ వేగంలో తల రోడ్డుకు తగిలితే ఆరు మీటర్ల ఎత్తు నుంచి, అంటే రెండంతస్తుల డాబా మీది నుంచి కిందపడ్డంత దెబ్బ. పిల్లను రెండో అంతస్తు అంచున నిలబెట్టడానికి ఏ తండ్రికీ మనసొప్పదు. స్కూటర్ మీద మాత్రం రోజూ నిలబెడుతున్నాం.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ, వెనక కూర్చున్నా సరే, హెల్మెట్ ఉండి తీరాలి. లేకపోతే వెయ్యి రూపాయల జరిమానాతో పాటు లైసెన్సును మూడు నెలలు పక్కన పెట్టొచ్చు. నాలుగేళ్ల లోపు వాళ్ల కోసం కేంద్రం 2022 ఫిబ్రవరిలో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. పిల్లను పెద్దవాళ్లకు కట్టి ఉంచే బెల్టు ఉండాలి, తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలి, బండి 40 కిలోమీటర్ల వేగం దాటకూడదు. 2023 ఫిబ్రవరి నుంచి ఇవి అమల్లో ఉన్నాయి. పిల్లకు ఆ బెల్టు కట్టుకుని వెళ్తున్న బండి మన వీధుల్లో కనబడితే తిరిగి చూస్తాం, అంత అరుదు.

లెక్కకు అందినంత

కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని పొట్టన పెట్టుకున్నాయి. వారిలో 9,528 మంది పద్దెనిమిదేళ్లు నిండని వాళ్లు. రోజుకు ఇరవై ఆరు మంది పిల్లలు. రోడ్ల మీద జరిగే మరణాల్లో తొంభై శాతానికి పైగా పేద, మధ్యాదాయ దేశాల్లోనేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఐదు నుంచి ఇరవై తొమ్మిదేళ్ల వయసు వాళ్లను అన్నిటికన్నా ఎక్కువగా చంపుతున్నది రోడ్డు ప్రమాదమే. ఆ వయసులో జ్వరాలు, క్షయ కూడా దాని తర్వాతే.

ఇవన్నీ చావుల లెక్కలు. తలకు దెబ్బ తగిలి, పది రోజులో నెల రోజులో ఆస్పత్రిలో ఉండి, ప్రాణాలతో ఇంటికి వెళ్లిన పిల్లలు ఎందరో ఆ నివేదికలో దొరకదు. "తీవ్రంగా గాయపడ్డవారు" అనే వరుసలో కాలు విరిగినవాళ్లతో కలిసిపోతారు. కాలు అతుకుతుంది, లెక్క ముగుస్తుంది. మెదడుకు తగిలిన దెబ్బ సంగతి వేరు.

రోడ్డు ఒక్కటే కారణమనుకుంటే పొరపాటు. పసివాళ్ల తలకు దెబ్బలు ఎక్కువగా ఇంట్లోనే తగులుతాయి. మంచం మీది నుంచి, మెట్ల మీది నుంచి, ఎత్తుకున్న అక్క చేతుల్లోంచి జారి పడతారు. పిట్టగోడ కట్టని డాబాలు మన ఊళ్లలో కోకొల్లలు. పైన ఇంకో అంతస్తు వేయాలని ఇనుప చువ్వలు వదిలేసి, గోడ తర్వాత చూసుకుందామని ఏళ్ల తరబడి అలాగే ఉంచేస్తాం. సంక్రాంతికి పతంగి దారం మీద చూపు పెట్టి వెనక్కి అడుగులేసే పిల్లాడికి ఆ అంచు కనబడదు. మామిడి, నేరేడు కాలంలో చెట్ల మీది నుంచి పడేవాళ్లు, పత్తి ఏరే రోజుల్లో ట్రాక్టర్ ట్రాలీ అంచున కూర్చుని జారేవాళ్లు, టేబుల్ మీది టీవీని లాక్కుని మీద వేసుకునే రెండేళ్లవాళ్లు ఉంటారు. ఏడుపు ఆపడం లేదని చంటిబిడ్డను గట్టిగా కుదిపినా మెదడులో రక్తనాళాలు తెగుతాయి. బయటికి ఒక్క గీత కూడా కనబడదు.

కాస్త ఎదిగాక కారణం మారుతుంది. ఇంటర్ చదివే కుర్రాడికి నాన్న బండి తాళం ఇవ్వడం మన దగ్గర ముద్దులో భాగమైపోయింది. పద్దెనిమిది నిండని వాళ్లు గేర్ల బండి నడిపితే తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు, ఆ పిల్లాడికి ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా లైసెన్సు లేకపోవడం చట్టంలో రాసి ఉన్న శిక్షలు. తాళం ఇచ్చే ముందు ఈ సంగతి తెలిసిన తల్లిదండ్రులు తక్కువ.

చిన్న తల ఎందుకు వేరు

పసిపిల్ల ఒంటిలో తల వాటా పెద్దవాళ్లలో కన్నా చాలా ఎక్కువ. మెడ కండరాలు బలహీనం. అందుకే పడినప్పుడు ముందుగా తలే నేలకు తగులుతుంది. పుర్రె ఎముక పల్చన. లోపలి మెదడులో నీటి పాలు ఎక్కువ, నరాల తీగల చుట్టూ ఉండాల్సిన కొవ్వు పొర ఇంకా పూర్తిగా ఏర్పడదు. దెబ్బకు మెదడు కదిలినప్పుడు ఆ తీగలు సాగుతాయి, కొన్ని తెగుతాయి. సీటీ స్కాన్‌లో రక్తం గడ్డ కనబడుతుంది, ఎముక పగులు కనబడుతుంది. సన్నని తీగలు తెగిన చోటు చాలాసార్లు కనబడదు.

"చిన్నపిల్ల కదా, తొందరగా కోలుకుంటుంది" అనే మాటను వైద్యులు కూడా చాలాకాలం నమ్మారు. 1930ల్లో అమెరికాలో మార్గరెట్ కెన్నార్డ్ కోతుల మీద చేసిన ప్రయోగాలు ఆ నమ్మకానికి ఆధారమయ్యాయి. తర్వాతి దశాబ్దాల్లో, ముఖ్యంగా ఆస్ట్రేలియాలో విక్కీ ఆండర్సన్ బృందం గాయపడ్డ పిల్లలను ఏళ్ల తరబడి గమనించి చూపింది వేరు. తీవ్రమైన గాయమైతే, ఎంత చిన్న వయసులో తగిలితే అంత ఎక్కువ నష్టం. పెద్దవాడు గాయానికి ముందే నేర్చుకున్న విద్య చాలావరకు నిలుస్తుంది. మూడేళ్ల పిల్ల ఇంకా నేర్చుకోవాల్సిందే ఎక్కువ, ఆ నేర్చుకునే యంత్రాంగానికే దెబ్బ తగిలింది.

ఇంకో చిక్కు ఉంది. నుదుటి వెనకుండే మెదడు భాగం ఆలోచించి అడుగేయడం, కోపం అదుపులో పెట్టుకోవడం, ఒక పని తర్వాత ఇంకో పని వరుసగా చేసుకోవడం చూసుకుంటుంది. అది పూర్తిగా పక్వమయ్యేసరికి ఇరవై దాటుతాయి. ఐదేళ్లప్పుడు అక్కడ దెబ్బ తగిలితే ఒకటో తరగతిలో ఏమీ తెలియదు, ఎందుకంటే ఒకటో తరగతి పిల్లాడి నుంచి ఆ పనులు ఎవరూ ఆశించరు.  ఈ పిల్లల లోటు తర్వాతే బయటపడుతుంది. ఏడో తరగతికి వచ్చి, ఆరు సబ్జెక్టులు ఒకేసారి సర్దుకోవాల్సి వచ్చినప్పుడు వెనకబడతారు. అప్పటికి ఆ పాత దెబ్బను అందరూ మరిచిపోయి ఉంటారు.

మొదటి గంటలు

వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి ఈ ప్రాంతానికి పెద్ద దిక్కు. 1959లో మొదలైన కాకతీయ వైద్య కళాశాలకు బోధనాసుపత్రి ఇదే. ఉమ్మడి వరంగల్ జిల్లా మూలమూలల నుంచి, పక్క జిల్లాల నుంచి ప్రమాద కేసులు ఇక్కడికే వస్తాయి. హైదరాబాద్ నుంచి భూపాలపట్నం వెళ్లే 163వ జాతీయ రహదారి జనగామ, వరంగల్, ములుగు మీదుగా ఏటూరునాగారం దాటి పోతుంది. ఏటూరునాగారం దగ్గర పిల్లాడు పడితే వరంగల్‌కు దాదాపు వంద కిలోమీటర్లు. ఆ దూరంలోనే సగం తలరాత తేలిపోతుంది.

తల నేలకు తగిలిన క్షణంలో జరిగే నష్టం మొదటిది. దాన్ని ఏ డాక్టరూ వెనక్కి తిప్పలేరు. ఆ తర్వాత కొన్ని గంటల పాటు జరిగేది రెండో నష్టం. ఊపిరి సరిగా అందక, రక్తపోటు పడిపోయి, మెదడు వాచి, గడ్డకట్టిన రక్తం లోపల ఒత్తిడి పెంచి, దెబ్బ తగలని భాగాలు కూడా చచ్చిపోతాయి. చికిత్స అంతా ఈ రెండో నష్టాన్ని ఆపడానికే. స్పృహ లేని పిల్లాడిని ఆటో వెనక సీట్లో మెడ వాల్చి పడుకోబెట్టి తెస్తే, తొవ్వ పొడవునా ఆక్సిజన్ అందక మెదడు నష్టపోతూనే ఉంటుంది.

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సు ఈ విషయంలో తెలుగు నేల దేశానికి చూపిన దారి. అందులో ఆక్సిజన్ ఉంటుంది, మెడ కదలకుండా పట్టీ కట్టే మనిషి ఉంటాడు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ వల్ల తల ఆపరేషన్ కోసం పొలం అమ్ముకునే దుస్థితి చాలా కుటుంబాలకు తప్పింది. తెలంగాణలో దాని పరిమితి 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెరిగింది. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల పాటు లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టక్కర్లేని చికిత్స అందించే పథకాన్ని కేంద్రం 2025 మేలో ప్రకటించింది. గాయపడ్డవారిని ఆస్పత్రికి చేర్చిన వాళ్లను పోలీసులు వేధించరాదని సుప్రీంకోర్టు 2016లోనే తేల్చింది, తర్వాత అది చట్టంలోకీ ఎక్కింది. "కేసు నా మెడకు చుట్టుకుంటది" అన్న భయానికి ఇక చోటు లేదు.

క్యాజువాలిటీలో డాక్టరు ముందుగా చేసే పని చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. పిల్లాడిని పేరుపెట్టి పిలుస్తారు. పలకకపోతే గోరు మొదట్లో పెన్నుతో నొక్కుతారు. కళ్లు తెరిచాడా? ఏమన్నా అన్నాడా, మూలిగాడా? నొక్కిన చేతిని వెనక్కి లాక్కున్నాడా, లేక చేయి బిగుసుకుపోయిందా? కంటికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15 మార్కులు. అసలేమీ లేకపోయినా 3 వస్తాయి. 8 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే గాయం తీవ్రం, ఊపిరి గొట్టం వేయాల్సిన స్థితి. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో గ్రాహం టీస్‌డేల్, బ్రయాన్ జెన్నెట్ 1974లో తయారుచేసిన కొలత ఇది. మాటలు రాని చంటిపిల్లలకు ఏడుపును బట్టి మార్కులు వేసే పద్ధతి తర్వాత వచ్చింది. యంత్రం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. గంట గంటకూ అదే పరీక్ష చేసి కాగితం మీద రాస్తే, 14 నుంచి 11కు జారిన మార్కు లోపల రక్తం పెరుగుతోందని స్కాన్ కన్నా ముందే చెబుతుంది.

ఈ ఓపికైన కాపలా విలువ ఎంతో దక్షిణ అమెరికాలో తేలింది. తలలోకి సన్నని గొట్టం దించి ఒత్తిడి కొలిచే ఖరీదైన పరికరం ఉంటేనే మేలైన చికిత్స అని సంపన్న దేశాలు అనుకునేవి. అమెరికా వైద్యుడు ర్యాండల్ చెస్నట్ బృందం బొలీవియా, ఈక్వెడార్ ఆస్పత్రుల్లో పదమూడేళ్లు పైబడిన 324 మంది మీద పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించింది. పరికరంతో చూసుకున్నవాళ్లకూ, మంచం పక్కన పరీక్షలతో, స్కాన్‌లతో జాగ్రత్తగా కనిపెట్టుకున్నవాళ్లకూ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మన జిల్లా ఆస్పత్రులకు ఇది పెద్ద ధైర్యం. ఐసీయూలో తగినంత మంది నర్సులు, రాత్రి పూట నిద్రపోని పర్యవేక్షణ ఉంటే చాలా ప్రాణాలు నిలుస్తాయి. అక్కడ నర్సు పోస్టు ఖాళీగా ఉంచడం అంటే వెంటిలేటర్ పాడైపోయినట్టే.

తలకు దెబ్బ తగిలితే...

*వెంటనే 108కి ఫోన్ చేయాల్సిన గుర్తులు:*
- కాసేపైనా స్పృహ తప్పడం, పిలిస్తే సరిగా పలకకపోవడం, నిద్రమత్తు పెరుగుతూ పోవడం
- మళ్లీ మళ్లీ వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, ఫిట్స్
- ముక్కు లేదా చెవిలోంచి రక్తం, నీళ్లలాంటి ద్రవం కారడం
- ఒక కంటిపాప పెద్దగా, ఇంకొకటి చిన్నగా ఉండటం. ఒక చేయి, ఒక కాలు పట్టు తప్పడం
- చంటిబిడ్డ అయితే మాడు ఉబ్బడం, పాలు తాగకపోవడం, ఏం చేసినా ఏడుపు ఆపకపోవడం

*చేయకూడనివి:* స్పృహ లేని పిల్లకు నీళ్లు తాగించకండి, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గాయంలో పసుపు, కాఫీ పొడి అద్దకండి. ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం వద్దు. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మెడ వంచి, భుజాన వేసుకుని పరుగెత్తకండి.

*ఒక ముఖ్య విషయం:* పడగానే స్పృహ తప్పి, లేచి మామూలుగా మాట్లాడి, రెండు మూడు గంటల తర్వాత ఒక్కసారిగా కుప్పకూలే పిల్లలుంటారు. పుర్రెకూ మెదడు పొరకూ మధ్య రక్తం గడ్డకట్టడం దీనికి కారణం. సమయానికి ఆపరేషన్ చేస్తే చాలామంది పూర్తిగా కోలుకుంటారు. అందుకే మొదటి ఇరవై నాలుగు గంటలు కనిపెట్టుకుని ఉండాలి.

*స్కాన్ అందరికీ అక్కర్లేదు:* అమెరికాలో 42,412 మంది పిల్లలను పరిశీలించి 2009లో వెలువరించిన అధ్యయనం, ఏ గుర్తులు లేని పిల్లలకు సీటీ స్కాన్ లేకుండానే కనిపెట్టుకుని ఉండవచ్చని తేల్చింది. స్కాన్‌లో రేడియేషన్ ఉంటుంది. వద్దన్న డాక్టరు నిర్లక్ష్యం చేసినట్టు కాదు.

బడికి తిరిగి వచ్చాక

కుట్లు విప్పారు. జుట్టు మొలిచి మచ్చ కప్పేసింది. మొక్కు తీర్చుకున్నారు. చుట్టాలొచ్చి చూసి, "ఏం గాలే, మంచిగనే ఉన్నడు" అని ధైర్యం చెప్పి వెళ్లారు. నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు, పాత ఎక్కాలు గడగడా చెబుతున్నాడు. ఇక బడికి పంపొచ్చు అనుకుంటారు.

కష్టం అక్కడ మొదలవుతుంది. పాతవి గుర్తున్నాయి గానీ కొత్త పాఠం నిలవదు. పంతులమ్మ బోర్డు మీద రాసింది ఎక్కించుకునే లోపే చెరిపేస్తారు. మూడో పీరియడ్‌కే తల పట్టుకుని బెంచీ మీద వాలిపోతాడు. అరవై మంది అరుపుల మధ్య తలనొప్పి పెరుగుతుంది. చిన్న మాటకే చేయి ఎత్తుతాడు, తర్వాత తానే ఏడుస్తాడు. వాడికి ముందున్న స్నేహితులు ఒక్కొక్కరే పక్కకు జరుగుతారు. బడిలో "పొగరు పెరిగింది" అంటారు. ట్యూషన్‌లో "బద్ధకం" అంటారు. ఇంట్లో అమ్మమ్మ "గాలి సోకింది" అని తాయెత్తు కట్టిస్తుంది. "దెబ్బ తగిలినప్పటి సంది పిలగాడు మారిండు" అని తల్లి ఒక్కతే అంటూ ఉంటుంది. ఆ ఒక్క మాటలోనే రోగ నిర్ధారణ ఉంది. వినేవాళ్లు లేరు.

ఈ పిల్లాడిని కొడితే గుణం రాదు. అలసట, మతిమరుపు, కోపం అన్నీ గాయం తాలూకు లక్షణాలే. జ్వరం వచ్చిన పిల్లను ఒళ్లు కాలుతోందని ఎవరూ తిట్టరు. ఈ పిల్లను మాత్రం రోజూ తిడుతున్నాం. తిట్లు తిని తిని చదువు మీద విరక్తి పుట్టి, పదో తరగతి దాకా రాకుండానే మెకానిక్ షెడ్డుకో పత్తి చేలకో చేరిన పిల్లల చేత బడి మాన్పించింది పేదరికం ఒక్కటే అనుకుంటాం. తలకు తగిలిన దెబ్బ ఊసే రాదు. ఆడపిల్లయితే బడి మాన్పించడం ఇంకా తేలిక.

మరీ పెద్ద ఖర్చులేని మార్గాలున్నాయి. చిన్న దెబ్బ అయినా మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి ఇచ్చి, ఆ తర్వాత మెల్లమెల్లగా చదువులోకి తేవాలని నేటి వైద్యం చెబుతోంది. వారాల తరబడి చీకటి గదిలో ఉంచడం వల్ల మేలు లేదు. ముందు సగం పూట బడి, తర్వాత పూర్తి రోజు. చదువు పూర్తిగా కుదురుకున్నాకే ఆటలు. మొదటి దెబ్బ మానకముందే రెండోసారి తల తగిలితే ప్రమాదం చాలా ఎక్కువ. తరగతిలో ముందు వరుసలో కూర్చోబెట్టడం, ఒకసారి ఒక పనే చెప్పడం, నోట్సు రాసిన తోటి పిల్లాడి పుస్తకం ఇప్పించడం, బడి పరీక్షల్లో అరగంట ఎక్కువ ఇవ్వడం, తలనొప్పి వస్తే పది నిమిషాలు స్టాఫ్‌రూమ్‌లో పడుకోనివ్వడం. ఇవి చేయడానికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు. టీచరుకు విషయం తెలిస్తే చాలు. ఆ విషయం తెలియజేసే కాగితమే ఆస్పత్రి నుంచి బడికి రావడం లేదు.

పేరు లేని వైకల్యం

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలుంటే కొత్తది ఇరవై ఒకటికి పెంచింది. తలసేమియా ఉంది, పార్కిన్సన్స్ ఉంది, చదువులో నిర్దిష్ట లోపం ఉంది. ప్రమాదంలో మెదడుకు తగిలిన గాయం అనే పేరు ఆ జాబితాలో లేదు. చేయి పడిపోతే చలన వైకల్యం కింద, మాట పోతే మాట వైకల్యం కింద సదరం శిబిరంలో సర్టిఫికెట్ వస్తుంది. చేతులు, కాళ్లు, మాట బాగానే ఉండి, నేర్చుకునే శక్తి, కోపం మీద అదుపు దెబ్బతిన్న పిల్లాడు డాక్టర్ల ముందు నిలబడితే ఏ గడిలో టిక్కు పెట్టాలో తెలియదు. సర్టిఫికెట్ లేకపోతే పదో తరగతి పరీక్షలో అదనపు సమయం అడిగే దారీ మూసుకుపోతుంది.

అమెరికాలో ప్రత్యేక విద్య చట్టాన్ని 1990లో సవరించినప్పుడు మెదడు గాయాన్ని ఒక విడి వర్గంగా చేర్చారు. ఆ తర్వాతే బడులు ఈ పిల్లలను లెక్కించడం, వాళ్ల కోసం ప్రణాళిక వేయడం మొదలైంది. మన దగ్గర పునాది లేకపోలేదు. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, వాటిలో ప్రత్యేక అవసరాల పిల్లలకు చదువు చెప్పే రిసోర్స్ టీచర్లు, వచ్చి వెళ్లే ఫిజియోథెరపిస్టులు ఉన్నారు. పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ల దాకా పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది, దాని బృందాలు బడులకు, అంగన్‌వాడీలకు వస్తాయి. ఆ బృందం అడిగే ప్రశ్నల్లో "ఎప్పుడైనా తలకు దెబ్బ తగిలి ఆస్పత్రిలో చేరాడా?" అన్న ఒక్క ప్రశ్న చేరిస్తే, మరిచిపోయిన పిల్లలు బయటపడతారు.

ఆపదలు ఆగుతాయి, ఆపితే

2014 జూలై 24 ఉదయం మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైలు గేటు దాటుతున్న స్కూలు బస్సును నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజర్ ఢీకొంది. పదిమందికి పైగా పిల్లలు చనిపోయారు. బతికినవాళ్లలో తలకు తీవ్రంగా దెబ్బలు తగిలి రోజుల తరబడి స్పృహ లేకుండా ఉన్నవాళ్లున్నారు. రాష్ట్రం ఏర్పడి రెండు నెలలైనా కాని తెలంగాణ ఆ రోజు కన్నీరు పెట్టుకుంది. డ్రైవర్‌ను నిందించి ఊరుకుని ఉంటే అలాంటివి ఇంకెన్ని జరిగేవో. కాపలా లేని గేట్లను ఎత్తేయాలని దేశమంతటా ఒత్తిడి పెరిగింది. 2019 జనవరి చివరికల్లా బ్రాడ్‌గేజ్ లైన్లలో కాపలా లేని గేటు ఒక్కటీ లేకుండా చేశారు. ఒక రకం చావును పూర్తిగా తుడిచేయొచ్చని మన కళ్లముందే రుజువైంది.

హెల్మెట్ విషయంలో వియత్నాం అనుభవం చూడాలి. మనలాగే ద్విచక్ర వాహనాల దేశం. 2007 డిసెంబరు 15 నుంచి హెల్మెట్ తప్పనిసరి చేశారు, పెద్దవాళ్లంతా కొద్ది రోజుల్లోనే పెట్టుకోవడం మొదలుపెట్టారు. పిల్లల తలలు మాత్రం ఖాళీగానే ఉన్నాయి. హెల్మెట్ బరువుకు పిల్లల మెడ దెబ్బతింటుందన్న పుకారు ఒక కారణం, పిల్లల విషయంలో జరిమానా లేకపోవడం ఇంకో కారణం. 2010లో చట్టం మార్చి, ఆరేళ్లు దాటిన పిల్లను హెల్మెట్ లేకుండా ఎక్కించుకున్న పెద్దవాళ్లకు జరిమానా పెట్టారు. బడుల్లో హెల్మెట్లు పంచారు. మన దగ్గర చట్టం అంతకన్నా మేలుగానే ఉంది. మంచి హెల్మెట్ మోటార్‌సైకిల్ ప్రమాదంలో తలగాయం ముప్పును 69 శాతం, చావు ముప్పును 42 శాతం తగ్గిస్తుందని అనేక అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష చెబుతోంది. ఐఎస్ఐ గుర్తుతో, పిల్లల కొలతలో, గడ్డం కింద పట్టీ బిగిసేది కొనాలి. పెద్దవాళ్లది పిల్లకు తొడిగితే దెబ్బకు ముందే ఊడి పడుతుంది.

వరంగల్‌లో చేయాల్సిన పనులు చేతికందేంత దగ్గరలో ఉన్నాయి. బడి గేటు దగ్గర హెల్మెట్ లేని పిల్లను దింపనివ్వబోమని యాజమాన్యాలు ఒక్క నెల పట్టుబడితే చాలు, తల్లిదండ్రులు దారికొస్తారు. ఫీజు రసీదు లేనిదే లోపలికి రానివ్వని గేటుకు ఈ పని కష్టం కాదు. ఇంటి అనుమతి ఇచ్చే మున్సిపల్ సిబ్బంది పిట్టగోడ లేని డాబాను పూర్తయిన ఇల్లుగా లెక్కించకూడదు. కిక్కిరిసిన స్కూలు ఆటోల మీద తనిఖీ బడులు తెరిచిన మొదటి వారంతో ఆగిపోకూడదు.

ఇక ఆస్పత్రి. పాత సెంట్రల్ జైలు స్థలంలో 24 అంతస్తుల ఆస్పత్రికి 2021 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. ఎన్ని పడకలు, ఎన్ని ఆపరేషన్ థియేటర్లు అన్న చర్చ చాలా జరిగింది. ఆ అంతస్తుల్లో ఒకదానిలో పిల్లల మెదడు గాయాల పునరావాస విభాగం ఉండాలి. ఫిజియోథెరపీ, మాట నేర్పే నిపుణులు, పిల్లల మనస్తత్వ నిపుణులు, ఫిట్స్ మందులు అన్నీ ఒకే చోట దొరకాలి. ములుగు నుంచి వచ్చిన కూలి తల్లి నాలుగు గదుల చుట్టూ నాలుగు రోజులు తిరగలేదు, ఒక్క రోజు కూలి పోతేనే ఆ ఇంట్లో పొయ్యి వెలగడం కష్టమవుతుంది. డిశ్చార్జి కాగితంతో పాటు బడికి ఒక ఉత్తరం వెళ్లాలి. ఈ పిల్లకు ఏం జరిగింది, ఏ ఇబ్బందులు రావచ్చు, ఎలా చూసుకోవాలి, ఎప్పుడు మళ్లీ ఆస్పత్రికి పంపాలి అని తెలుగులో ఒక పేజీ చాలు. మూడు నెలలకు, ఏడాదికి, పెద్ద బడిలో చేరే ముందు ఒకసారి పిలిచి చూడాలి.

వైకల్యాల జాబితాలో మెదడు గాయం పేరు చేర్చమని మన ఎంపీలు పార్లమెంటులో అడగాలి. ఆ ఒక్క వాక్యం కోసం ఎన్నో ఊళ్లలో తల్లులు ఎదురుచూస్తున్నారు, తాము ఎదురుచూస్తున్నది దాని కోసమేనని వాళ్లకు తెలియదు.

మీ తరగతిలో ఒక పిల్లాడు ఉన్నట్టుండి మారిపోతే, కర్ర తీసుకునే ముందు వాళ్లమ్మను పిలిచి ఎప్పుడైనా తలకు దెబ్బ తగిలిందా అని అడగండి. రేపు బడికి బయల్దేరే ముందు బండి మీద ఎన్ని తలలున్నాయో, ఎన్ని హెల్మెట్లున్నాయో లెక్కపెట్టండి. రెండు లెక్కలూ సమానమయ్యాకే తాళం తిప్పండి.